ఊపిరి లేని ‘ప’

మా బడికి బుధవారాల్లో వచ్చే కొరియన్ టీచరు పోయారన్న వార్త నాకు మొదట శుభవార్తలా అందింది.

ఆమె భర్తకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ఉదయం నేను బడి దగ్గర కారు ఆపుతుండగా ఆయన నుంచి కొరియన్‌లో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. నాకు వచ్చిన కొరియన్ చిన్నపిల్లల కొరియన్. అదీ తరగతి వెనక కూర్చుని వినగా వినగా వచ్చింది. ఆయన మాటల్లో నాకు అందింది ఒక్కటే: ‘దొరగా’. ఆట అయిపోగానే ఆమె పిల్లలతో, ఎవరి చోటికి వాళ్ళు తిరిగి వెళ్ళండి అని చెప్పేటప్పుడు వాడే మాట. ఓహో, ఆస్పత్రి నుంచి ఇంటికి తిరిగి వెళ్ళారన్నమాట అనుకున్నాను. ప్రాణం తేలికపడింది. పిల్లలు చాప మీద కూర్చోగానే ఆ మాటే చెప్పాను. వాళ్ళు చప్పట్లు కొట్టారు.

టీ విరామంలో ప్రిన్సిపాల్ నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేసింది. “నీకు చెప్పకుండా మిగతావాళ్ళకు చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆమె నిన్న సాయంత్రం చనిపోయారు,” అంది. “లేదు, ఇంటికి వెళ్ళారు,” అన్నాను నేను. ఫోను తీసి ఆయన గొంతు వినిపించాను కూడా. ప్రిన్సిపాల్ నా చెయ్యి పట్టుకుంది.

తర్వాత తెలిసింది. కొరియన్‌లో పెద్దవాళ్ళ గురించి చనిపోయారు అనరట. తిరిగి వెళ్ళారు అంటారట. మనం పోయారు అన్నట్టే. మళ్ళీ తరగతికి వెళ్ళి, పొద్దున చప్పట్లు కొట్టిన పిల్లల ముందు కూర్చుని, ఆ మాటకున్న రెండో అర్థం చెప్పాల్సి వచ్చింది. అంత కష్టమైన పాఠం నేను ఇప్పటిదాకా చెప్పలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. బడిలో ఎవరం ఆమెను పేరు పెట్టి పిలిచిందీ లేదు. ఈ దేశంలో చిన్న పిల్లలు కూడా ప్రిన్సిపాల్‌ను పేరుపెట్టి పిలుస్తారు. ఆమె మాత్రం మొదటి రోజే తెల్లబోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి అందరి చేతా పలికించారు: సొన్సెంగ్నిమ్. ‘సొన్సెంగ్’ అంటే టీచరు, ‘నిమ్’ అంటే గౌరవం. “ఇంగ్లీషులో ఈ చివరి ముక్క లేదు. దీన్ని ఎక్కడ తగిలించాలో తెలియక మీరంతా ఎంత ఇబ్బంది పడుతున్నారో పాపం,” అన్నారు పిల్లలతో, నిజంగానే జాలిపడుతున్నట్టు.

వెనక బెంచీలో నోటుపుస్తకాలు దిద్దుకుంటున్న నాకు నవ్వొచ్చింది. పాఠం అయ్యాక, మాకు ఆ ముక్క ఉంది, ‘గారు’ అంటాం అని చెప్పాను. ఆమె దాన్ని రెండుమూడు సార్లు నోట్లో తిప్పి చూసుకున్నారు. ఆ రోజు నుంచి చివరిదాకా నేను ఆమెకు ‘టీచర్ గారు’నే. ఆమె నోట్లో అది ‘తీచల్ గాలు’కూ ‘టీచర్ గారు’కూ మధ్య ఎక్కడో ఉండేది.

వెల్లింగ్టన్ పక్కనే ఉన్న లోవర్ హట్‌లోని ఆ ప్రైమరీ బడి నా మొదటి ఉద్యోగం. మాది కరీంనగర్. మా ఆయనకు వెల్లింగ్టన్‌లో ఐటీ కాంట్రాక్ట్ దొరికాక, ఇల్లు కాస్త చవకని ఇక్కడ చేరాం. నేను ఇక్కడే టీచర్ ట్రైనింగ్ చదివాను. కొత్తగా చేరిన టీచర్లకు మొదటి రెండేళ్ళు పరీక్షాకాలం లాంటిది. అది గట్టెక్కితేనే పూర్తి సర్టిఫికెట్ ఇస్తారు. పిల్లలకు ఇంగ్లీషు, ఇక్కడి మూలవాసుల భాష మావోరీ కాక మూడో భాష ఒకటి చెవిన పడాలని ప్రిన్సిపాల్ ఆలోచన. అలా సొన్సెంగ్నిమ్ వారానికొకసారి వెల్లింగ్టన్ నుంచి రైల్లో వచ్చేవారు. చక్రాల సంచీ ఒకటి లాక్కుంటూ, ఇంకో చేత్తో టోపీ నెత్తికి అదిమి పట్టుకుని, గాలికి అడ్డంగా పక్కకి వాలి నడిచేవారు. స్టాఫ్ రూము కిటికీలోంచి చూసేవాళ్ళకు ఆమె ఎవరినో భుజంతో తోసుకుంటూ వస్తున్నట్టే ఉండేది.

ఆమె పాఠం చెబుతున్నంతసేపూ క్లాసు టీచరు గదిలోనే ఉండాలన్నది నియమం. నాకది పెండింగ్ పనులు తెముల్చుకునే గంట అనుకున్నాను. మొదటి పాఠానికే ఆ ఆశ పోయింది.

ఆ రోజు ముగ్గురు పిల్లల మెడల్లో మూడు అట్టముక్కలు వేలాడదీశారు. నేను, తింటాను, ఆపిల్. “ఇంగ్లీషులో నిలబడండి,” అన్నారు. ‘తింటాను’ పిల్లవాడు మధ్యలో నిలబడ్డాడు. “ఇప్పుడు కొరియన్‌లో,” అని వాడి భుజాలు పట్టుకుని వరస చివరికి నడిపించారు. వాడు మొహం వేలాడేశాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చి, “మా నాన్నమ్మ మావోరీలో చెబితే నేనే ఫస్ట్!” అని అరిచి వరస ముందుకు పరిగెత్తాడు. ఆమె వాణ్ణి వెనక్కి పిలవలేదు. మావోరీ వాక్యం వాడి చేతే చెప్పించి, అందరి చేతా అనిపించారు. తర్వాత నా వైపు తిరిగారు.

“అక్కడ వెనకున్న సొన్సెంగ్నిమ్! మీ ఇంట్లో ‘తింటాను’ ఎక్కడ నిలబడతాడు?”

నేను ఆ గదిలో అప్పటిదాకా ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదు. ఎవరూ వద్దనలేదు. అవసరం పడలేదు, అంతే. ఇరవై ఆరు జతల కళ్ళు నా మీద ఉన్నాయి.

“నేను ఆపిల్ తింటాను,” అన్నాను.

ఆ పిల్లవాడు మళ్ళీ ఉసూరుమంటూ చివరికి నడిచాడు. కొరియన్ వరస, తెలుగు వరస ఒకటే అయ్యేసరికి గదిలో గుసగుసలు. ఒకమ్మాయి చెయ్యెత్తి, “మిస్, మీరు కొరియనా? ఇన్నాళ్ళూ మాకెందుకు చెప్పలేదు?” అని నిలదీసింది. ఆ అమ్మాయి పేరు రూబీ. ఈ కథలో తన పాత్ర ఇంకా ఉంది.

అక్కణ్ణుంచి నేను కూడా పాఠంలో సామగ్రినైపోయాను. ఒక బుధవారం ‘మా అమ్మ’ అన్న మాట నేర్పుతూ ఆమె బోర్డు మీద రాసి ‘ఉరి ఒమ్మ’ అని చదివారు. నేను ఉలిక్కిపడ్డాను. మా భాషలో ఉరి అంటే ఏమిటో చెప్పాక ఆమె నోరు మూసుకుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఆ తర్వాత పిల్లలకు అసలు సంగతి చెప్పారు. ఇంగ్లీషులో ఒక్కడే కొడుకున్నా, నలుగురు పిల్లలున్నా ‘నా అమ్మ’ అనే అంటారు. కొరియన్‌లో ‘మన అమ్మ’ అంటారు, ఇంకెవరూ లేకపోయినా. “టీచర్ గారూ, మీరు?” మేమూ అంతే, మా అమ్మ అంటాం అన్నాను. “చూశారా, మా ఇద్దరి అమ్మలూ చాలామందికి అమ్మలు,” అన్నారు. ఎప్పుడూ వాడుకునే మాటే. దాన్ని ఆగి చూడటం నాకు ఆమె వల్లే అబ్బింది.

పిల్లలు రెండు భాషల్ని పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ఆమె ఒక్క మాటను గదిలోకి రానిచ్చేవారు కాదు. “‘తప్పు’ను అల్మారాలో పెట్టి తాళం వేశాను. ఈ గంటసేపు ‘తేడా’తోనే సర్దుకోండి,” అనేవారు. ఎవరైనా పొరపాటున తప్పు అంటే, చేత్తో తాళం చెవి తిప్పినట్టు అభినయించేవారు. పిల్లలు అక్క, చెల్లెలు అనే మాటలు విడివిడిగా ఉండటం చూసి, సిస్టర్ అనే ఒక్క మాటతో ఇంగ్లీషువాళ్ళు ఎలా బతుకుతున్నారని వాళ్ళలో వాళ్ళే వాదించుకునేవారు.

స్టాఫ్ రూములో ఆమె కుర్చీ కిటికీ పక్కది. శీతాకాలమంతా సంచీలోంచి మాండరిన్ కమలాలు తీసి, తొక్క తెగకుండా ఒలిచి, తొనలు టిష్యూ కాగితం మీద పేర్చి ఎదుటివాళ్ళ వైపు జరిపేవారు. తీసుకుంటారా అని అడిగేవారు కాదు. అడిగితే వద్దంటారు, పెడితే తింటారు అనేవారు. నేనొకసారి ఇంటి నుంచి పచ్చిపులుసు తెచ్చి పోస్తే గ్లాసు మొత్తం తాగారు. బాగుందన్నారు. నేను సంబరపడి మూడు నాలుగు సార్లు తెచ్చాను. చాలాకాలం తర్వాత ఒకరోజు చాలా మర్యాదగా, “టీచర్ గారూ, మనం ఇప్పుడు స్నేహితులం కదా, అందుకని చెబుతున్నా. ఆ పులుపుకు రైల్లో ఇంటిదాకా నా పళ్ళు జిల్లుమంటూనే ఉంటాయి,” అన్నారు.

నా రెండో ఏడాదిలో ఎలుగుబంటి వచ్చింది.

ఆ ఏడాదీ అదే పిల్లలు నా క్లాసు. స్పెల్లింగ్ డిక్టేషన్‌లో ‘నా సంచీలో ఒక పేర్ ఉంది’ అని ఇంగ్లీషులో చెప్పాను. పేర్ అంటే పండు. దిద్దుతుంటే సగం మంది సంచుల్లో పండు బదులు బేర్, అంటే ఎలుగుబంటి కనిపించింది. ఒకడు ముచ్చటపడి పక్కన బొమ్మ కూడా వేశాడు. సంచీలోంచి తల, రెండు చెవులు. నేను నవ్వుకుని మార్కులు తీసేశాను. అది అక్కడితో పోలేదు. తల్లిదండ్రుల సమావేశానికి రూబీ వాళ్ళ నాన్న వచ్చాడు. ఎలక్ట్రీషియన్. పని నుంచి నేరుగా, మెరిసే పసుపు జాకెట్టుతోనే వచ్చి, చిన్నపిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాడు.

“మీరేమీ అనుకోకండి. రూబీకి మీరంటే చాలా ఇష్టం. కానీ దానికి స్పెల్లింగ్ వచ్చు. మీరన్న మాట దానికి వేరేగా వినిపిస్తోంది. పీచ్ అంటే బీచ్, ప్యాక్ అంటే బ్యాక్. టీచరు మాట అర్థం కాకపోతే పిల్ల ఏం నేర్చుకుంటుంది?”

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. మర్నాడు ప్రిన్సిపాల్ కూడా మెత్తగానే, కొన్నాళ్ళు డిక్టేషన్ టీచర్ ఎయిడ్ చేత చదివిద్దామంది. సహాయకురాలిగా చేరిన ఇరవయ్యేళ్ళ అమ్మాయి నా క్లాసులో నా బదులు పదాలు చదువుతుంటే నేను బోర్డు తుడుస్తూ నిలబడ్డాను. ఆ ఏడాది చివర నా సర్టిఫికెట్ తేలాలి. నా గురించి రాసే నివేదికలో ఏముంటుందో ఊహించుకోవడం మొదలుపెట్టాను.

ఆ సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి నేను సోఫాలో అలాగే ఉన్నాను.

“గదేంది, బ్యాగు గూడ దించకుంట కూసున్నవ్?”

“నాకు ప పలుకరాదట.”

“ఏం ప?”

“పేర్‌ల ప. పిల్లలకు బేర్ అని ఇనవడ్తుందట.”

ఆయనకు నవ్వొచ్చింది. “మనం దాన్ని బేరిపండనే అంటం గద. పోరగాండ్లు తెలుగుల రాసిన్రనుకో.” నా మొహం చూసి ఆపేశాడు. “ఇగ ఏం జేద్దామనుకుంటున్నవ్?”

“మానేస్త. డే కేర్‌ల అన్న చూస్కుంట. ఆడ డిక్టేషన్ ఉండది.”

“నీ ఇష్టం. గని ఎట్ల పలుకాల్నో ఎవర్నన్న అడుగరాదు ముందుగాల?”

ఆరేళ్ళ మా అమ్మాయి బొమ్మలు పక్కన పెట్టి వచ్చి నా మోచేతిని నిమిరింది. “ఇట్స్ ఓకే మమ్మీ. ఐ ఆల్వేస్ నో వాట్ యూ మీన్,” అంది. ఓదార్పుకే అంది. కానీ ఇన్నాళ్ళూ నా కూతురు కూడా నా మాటల్ని లోపల సరిచేసుకుని వింటోందని నాకు అప్పుడే తెలిసింది.

బుధవారం వచ్చింది. సొన్సెంగ్నిమ్ కమలా ఒలుస్తూ నా మొహం చూశారు.

“రాజీనామా మొహం అది. నాకు తెలుసు. నేను ఆ మొహం రెండుసార్లు పెట్టుకున్నాను.”

చెప్పాను. ఎలుగుబంటి నుంచి నివేదిక దాకా అంతా. ఆమె అయ్యో అనలేదు. “నాకు ఎఫ్ లేదు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో కేఫ్‌లోకి వెళ్ళి కాఫీ అడిగితే, కాపీలు తీసే దుకాణం పక్క వీధిలో ఉందని చూపించారు. నేను వెళ్ళాను కూడా,” అన్నారు. తర్వాత నన్ను పీచ్ అనమన్నారు. బీచ్ అనమన్నారు. కళ్ళు మూసుకుని విన్నారు. “ఆహా,” అన్నారు, ఏదో వస్తువు చేతికి దొరికినట్టు. “ఇవాళ నా పాఠం మార్చేస్తున్నాను. మీరు నాకు కావాలి.”

ఆ రోజు తరగతిలో పిల్లలందరికీ తలా ఒక పల్చటి టిష్యూ పొర ఇచ్చారు. మొహానికి ఎదురుగా పట్టుకోమన్నారు. కొరియన్‌లో నిప్పు, గడ్డి, కొమ్ము, ఈ మూడు మాటలూ పలికారు. పిల్లలకు మూడూ ఒకటే వినిపించాయి. “ఒకే మాట మూడుసార్లు అంటున్నారు!” అని గోల. “చెవితో కాదు, కాగితంతో వినండి,” అన్నారు. గడ్డి అన్నప్పుడు ఆమె నోటి ముందు టిష్యూ ఎగిరి పడింది. నిప్పు అన్నప్పుడు కాస్త కదిలింది. కొమ్ము అన్నప్పుడు కదల్లేదు. కొమ్ముకు వాళ్ళనే మాటలో ఉన్నది మన పప్పులోని ‘ప్పు’. నాకు చప్పున తెలిసిపోయింది. ఆమె కళ్ళతోనే, మీకు తెలుస్తుందని నాకు తెలుసు అన్నట్టు చూశారు.

తర్వాత ఇంగ్లీషు. పిన్ అనండి. ఇరవై ఆరు కాగితాలు ఎగిరాయి. స్పిన్ అనండి. ఒక్కటీ కదల్లేదు. పిల్లలు మళ్ళీ మళ్ళీ అని చూసుకున్నారు. ఒకే అక్షరం, ఒకచోట గాలి వస్తోంది, ఒకచోట రావడం లేదు. పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న సొంత భాషలో రెండు ‘ప’లున్న సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

“ఇప్పుడు టీచర్ గారు.”

నేను ముందుకొచ్చి టిష్యూ పట్టుకుని తెలుగులో ‘పాట’ అన్నాను. కదల్లేదు. ‘బాట’ అన్నాను. కదల్లేదు. పాట అంటే ఏమిటో, బాట అంటే ఏమిటో చెప్పి, ఆమె పిల్లలకు పరీక్ష పెట్టారు. నేను పాట అంటే చేతులెత్తాలి, బాట అంటే కాళ్ళు కదపాలి. సగం మంది పాటకు నడిచారు. బాటకు చేతులెత్తారు. ఒకరినొకరు చూసుకుని పడీ పడీ నవ్వారు. నవ్వారంటే విన్నారన్నమాటే అనేవారు ఆమె.

రూబీ నవ్వలేదు. టిష్యూ పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. “మిస్, పేర్ అనండి.” అన్నాను. కాగితం కదల్లేదు. తను అంది. ఎగిరింది. ఇంకోసారి నన్ను అనమంది. కాసేపు ఆలోచించి, “మీ ‘ప’ బాగానే ఉంది మిస్. దానికి ఊపిరి లేదంతే,” అంది.

“అయితే కాస్త ఊపిరి పొయ్యమను,” అన్నారు సొన్సెంగ్నిమ్.

పోశాను. నాలుగోసారికి కాగితం ఎగిరింది. పిల్లలు గోల్ కొట్టినట్టు అరిచారు. “మన చెవులు కూడా ఏదో ఒక దేశంలో పుట్టినవే. వాటి మీద కోపం తెచ్చుకోకండి, ఊళ్ళు చూపించండి,” అని ఆమె ఆ రోజు పాఠం ముగించారు. అది పిల్లలతో అన్నారో, నాతో అన్నారో తెలియదు.

ఆ వారం నుంచి డిక్టేషన్ మళ్ళీ నేనే చెప్పాను. మర్చిపోయి నా పాత ‘ప’ పలికితే, “ఊపిరి, మిస్!” అని క్లాసంతా అరిచేది. నేను నవ్వి మళ్ళీ పలికేదాన్ని. వాళ్ళ చెవులు కూడా కొంచెం నా వైపు జరిగాయి. సంచుల్లో ఎలుగుబంట్లు తగ్గాయి.

అంతటితో ఊరుకోకుండా ఆమె ప్రిన్సిపాల్‌తో మాట్లాడి తల్లిదండ్రులను ఒక మధ్యాహ్నం పాఠానికి పిలిపించారు. రూబీ వాళ్ళ నాన్న గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రూబీ నేరుగా వెళ్ళి ఆయన మొహం ముందు టిష్యూ పట్టింది.

“డాడ్, పిన్ అను. ఇప్పుడు స్పిన్ అను.”

అన్నాడు. మళ్ళీ అన్నాడు. కాగితాన్ని తన చేతిలోకి తీసుకుని, గోడ వైపు తిరిగి, ఎవరూ చూడటం లేదనుకుని ఇంకా రెండుమూడు సార్లు అనుకున్నాడు. నలభై ఏళ్ళుగా మాట్లాడుతున్న నోరు అది. వెళ్ళేటప్పుడు నా దగ్గర ఆగాడు. సారీ అని అనలేదు. “ఇంతకాలం నేను రెండు రకాలుగా అంటున్నానని నాకే తెలియదు,” అన్నాడు తల గోక్కుంటూ. ఆ ఏడాది పొడుగునా గేటు దగ్గర కనిపించినప్పుడల్లా, “పర్ఫెక్ట్ డే, మిస్!” అని మొదటి అక్షరం మీద బుగ్గలు పూరించి మరీ గాలి ఊదేవాడు. వాన పడుతున్నా సరే.

సర్టిఫికెట్ వచ్చింది. ఆ రోజు ఆమెకు మెసేజ్ పెడితే, ‘నేనూ ఇంట్లో కాఫీ అనడం ప్రాక్టీస్ చేస్తున్నాను. మా ఆయన భయపడుతున్నాడు’ అని జవాబు వచ్చింది.

ఆ తర్వాత కూడా బుధవారాలు చాలా గడిచాయి. రూబీ పెద్ద బడికి వెళ్ళిపోయింది. నేను ఏటా కొత్త పిల్లలతో మళ్ళీ మొదటి పాఠం నుంచి కొరియన్ నేర్చుకున్నాను. రంగులు, పళ్ళు, జంతువులు, వాన, గాలి, ఆకలి, దాహం. ఏ ఏడాదీ వాటిని దాటి ముందుకు వెళ్ళలేదు. అది చాలనుకునేదాన్ని.

మొన్న శరదృతువులో ఆమెకు పక్షవాతం వచ్చింది. వెల్లింగ్టన్‌లో ఆస్పత్రికి వెళ్తే భర్త మంచం పక్కన టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట వస్తోంది, కానీ కొరియన్ ఒక్కటే. ఇన్నేళ్ళ ఇంగ్లీషు ఒక్క ముక్క మిగల్లేదు. నర్సు మంచిమనిషే, ఏదో అడుగుతోంది. ఆమెకు అర్థం కావడం లేదు. భర్త చేతులు తిప్పి చూపిస్తున్నారు. దుబాసీని పిలిచారట, రావడానికి టైం పడుతుందట.

నేను దగ్గరకు వెళ్ళి, “సొన్సెంగ్నిమ్,” అన్నాను. కళ్ళు తెరిచారు.

నా దగ్గరున్నది పిల్లల కొరియన్. అదే బయటికి తీశాను. నీళ్ళా? తల ఊపారు. చలిగా ఉందా? ఊపారు. దుప్పటి ఇంకొకటి కావాలని నర్సుకు చెప్పాను. ఆకలా? కాదు. అలా ఒక్కొక్క మాటా. క్లాసులో బొమ్మల కార్డులు చూపించి ఆమె అడిగిన వరసలోనే నేను అడుగుతున్నానని మధ్యలో నాకు తట్టింది. నొప్పిగా ఉందా అని అడగాలి. ఆ మాట తెలుసు. “అప్పా?” అన్నాను.

ఆమె మొహం అయోమయంగా అయింది. భర్త వైపు చూశారు. ఆయనా అర్థం కానట్టు చూశారు. మళ్ళీ అన్నాను, “అప్పా?” ఉన్నట్టుండి ఆమె పెదవి ఒకవైపు సాగింది. నవ్వుతున్నారు. భర్త కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఊపిరి లేకుండా పలికితే కొరియన్‌లో అది నాన్న. నొప్పికి ఊపిరి ఉంటుంది. నేను ఆ మంచం పక్కన నిలబడి ఆమెను నాన్నా, నాన్నా అని అడుగుతున్నాను.

ఆమె పనిచేస్తున్న ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకున్నారు. అరచేయి తిప్పి తన నోటి ముందు పెట్టుకున్నారు. చాలా కష్టపడి, ఊపిరి పోసిన ‘ప’తో, “ఫా,” అన్నారు. నా అరచేతికి గాలి తగిలింది. గోరువెచ్చగా, తడిగా. నేను అన్నాను. కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, మళ్ళీ, “ఫా.” మూడోసారికి నాకు వచ్చింది. అప్పుడు సరిగ్గా అడిగాను, నొప్పిగా ఉందా అని.

ఉందన్నారు. చాలా ఉందన్నారు. నర్సుకు చెప్పాను.

ఆ తర్వాత వీలైనప్పుడల్లా వెళ్ళాను. కొన్ని రోజులు నిద్రలోనే ఉండేవారు. ఇంగ్లీషు తిరిగి రాలేదు. చివరిసారి వెళ్ళినప్పుడు కిటికీలోంచి హార్బర్ మీద గాలికి విరుగుతున్న నీళ్ళను చూపించి, గాలి అన్నారు కొరియన్‌లో. నేనూ గాలి అన్నాను. తెలుగులో ఏమంటారన్నట్టు కనుబొమలెత్తారు. చెప్పాను. ఆమె అన్నారు. నేను ఏమీ సరిచేయలేదు, సరిచేయడానికి ఏమీ లేదు.

అంత్యక్రియలు అయిన మరుసటి బుధవారం ఆమె భర్త బడికి వచ్చారు. మా దగ్గర మిగిలిన ఆమె వస్తువులు తీసుకెళ్ళడానికి. బయట వాన. తరగతి గుమ్మం పక్కన కోట్లు తగిలించే కొక్కేల కింద పిల్లల గమ్‌బూట్లు బురదతో, వంకరటింకరగా పడి ఉన్నాయి. వాటి మధ్య ఆమె తరగతిలో తొడుక్కునే బూడిదరంగు గుడ్డచెప్పులు. ముందు భాగం గోడవైపు తిరిగి, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. నేను అట్ట పెట్టె ఆయనకిచ్చి, చెప్పులు వేసుకోవడానికి ఒక కాగితం సంచీ తెరిచి పట్టుకున్నాను.

ఆయన మెల్లగా, మోకాలి మీద చెయ్యి వేసుకుని వంగారు. రెండు చెప్పులూ తీసి దుమ్ము దులిపారు. సంచీలో వేయలేదు. పిల్లల బూట్లు కొంచెం అటూ ఇటూ జరిపి జాగా చేసి, బయటి నుంచి వచ్చినవాళ్ళు తడి బూట్లు విప్పి నేరుగా కాళ్ళు దూర్చుకునేలా, ముందు భాగం తరగతి వైపు తిప్పి, పక్కపక్కన పెట్టారు. మడమలు సమంగా ఉన్నాయో లేదో అరచేత్తో ఒకసారి సరిచూశారు. లేచి, నాకు తల వంచి, పెట్టె చంకలో పెట్టుకుని వానలోకి నడిచారు.